పదకొండు గంటల బ్యాచ్

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కబోయి ఎక్కలేకపోయిన రోజున యమున వయసు నలభై ఏడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఆడబిడ్డ ఇంట్లో మనవరాలిని తొట్టెలో వేస్తున్నారంటే పట్టుచీర కట్టుకుని, పసిపాపకు కొన్న గౌనుల సంచీ పట్టుకుని బయల్దేరింది. బస్సు వచ్చింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా ముందుకు ఉరికారు. యమున కమ్మీ పట్టుకుని కుడికాలు మెట్టు మీద పెట్టింది. ఎడమకాలు మాత్రం నేల వదలలేదు. బలమంతా కూడదీసుకుని మళ్లీ లేవబోయింది. మోకాలు కలుక్కుమంది. ఒళ్లు పైకి రాలేదు.

వెనకనుంచి కాలేజీ పిల్ల ఒకతె నడుము మీద చెయ్యివేసి తోసింది. పైనుంచి కండక్టరు చెయ్యి అందించి లాగింది.

"జర జల్ది ఎక్కు పెద్దమ్మా, ఎనక మంది ఉన్నరు" అంది కండక్టరు. ఆమెకూ నలభై అయిదు దాటే ఉంటాయి.

ఎవరో లేచి సీటిచ్చారు. యమున కూర్చుని, దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది. తొట్టెల పండగలో నవ్వింది, పాట పాడమంటే పాడింది, పాపను ఒళ్లోకి తీసుకుంది. బస్సు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎవరికి చెప్పినా నమ్మరు. యమున అంటే ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు పెద్ద పేరు. పుట్టింది యాచారం అవతల. పద్దెనిమిదేళ్లకు దేవేందర్‌ను చేసుకుని ఇబ్రహీంపట్నం పక్క ఊరికి వచ్చింది. బావికింద సొంత పొలం కొంచెం, మిగిలిన రోజులు కైకిలి, అంటే కూలిపని. నాట్లు వేయాలన్నా కలుపు తీయాలన్నా రైతులు ముందు యమునను వెతుక్కుంటూ వచ్చేవారు. ఆమె ఒక్క మాట అంటే పొద్దు పొడవకముందే ఆడవాళ్లు సద్ది గిన్నెలతో ఆమె గడప ముందు ఉండేవారు. ఒడ్డు మీద నిలబడి చెప్పే రకం కాదు. అందరికంటే ముందు బురదలో దిగేది, అందరికంటే చివర బయటికి వచ్చేది. పచ్చగడ్డి మోపు తలకెత్తుకోవడానికి ఇంకొకరి సాయం అడిగిన రోజు లేదు.

తర్వాత ఔటర్ రింగురోడ్డు వచ్చింది. ఆదిభట్లలో కంపెనీలు లేచాయి. సాగర్ రోడ్డు పొడుగునా రంగురంగుల జెండాలు పాతి వెంచర్లు వేశారు. అందరి పొలాలతోపాటు దేవేందర్ పొలం కూడా పోయింది. ఆ డబ్బుతో ఇబ్రహీంపట్నంలో రెండంతస్తుల ఇల్లు కట్టారు, దేవేందర్ హార్డ్‌వేర్ షాపు పెట్టాడు, కూతురి పెళ్లి చేశారు, కొడుకు చదువుకుని ఆదిభట్లలోనే కొలువు తెచ్చుకున్నాడు.

గృహప్రవేశం అయిన మర్నాడు దేవేందర్ భార్యతో అన్నాడు: "ఇన్నేండ్లు మస్తు కష్టపడ్డవ్ యమునా. ఇగ కూసో."

ప్రేమతోనే అన్నాడు. యమున ప్రేమతోనే కూర్చుంది. బట్టలకు మెషీను, పచ్చడికి మిక్సీ, నీళ్లకు కుళాయి. వంట అయిపోయాక సోఫాలో కూర్చుంటే సాయంత్రం దాకా టీవీ. మొదటి ఏడాది హాయిగా ఉంది. రెండో ఏడాది మోకాళ్లు పట్టేశాయి. ఆపైన షుగర్ వచ్చింది. నడుము నొప్పి పాతదే, అది మాత్రం పొలంతోపాటు పోలేదు. దవాఖానకు వెళ్లిన ప్రతిసారీ డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఎట్లా తగ్గాలో చెప్పే తీరిక ఆయనకు లేదు; బయట వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు.

తొట్టెల పండగ నుంచి వచ్చిన మూడు నాలుగు రోజులకు షాపులో దేవేందర్‌కు అన్నం డబ్బా ఇచ్చి తిరిగివస్తూ, ఎదురుగా ఉన్న మొబైల్ షాపు మీది జిమ్ము ఫ్లెక్సీ దగ్గర ఆగింది. రోజూ చూసేదే. కండలు తిరిగిన మగమనిషి బొమ్మ కింద చిన్న అక్షరాలతో, మహిళలకు పొద్దున పదకొండు గంటలకు, లేడీ ట్రైనర్ కలరు, అని ఉంది. అది పెళ్లికూతుళ్లు సన్నబడే చోటని ఆమె అన్నాళ్లూ అనుకుంది.

జిమ్ము రెండో అంతస్తులో ఉంది. మెట్ల మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. వెనక్కి పోదామా అనుకుంది. కానీ దిగడం ఎక్కడం కంటే కష్టం, మోకాళ్లు ఇంకా ఎక్కువ నొస్తాయి. అందుకే పైకి వెళ్లింది.

లోపల ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి ఒకతె ఇనుప చక్రాల్లాంటి ప్లేట్లు సర్దుతోంది. నల్ల టీషర్టు, బిగించి కట్టిన జడ. పేరు శ్రీసుధ. వాళ్లది కృష్ణా జిల్లా వైపు. తండ్రి వీరరాఘవులు ఎప్పుడో బతుకుతెరువుకు వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడ్డాడు, వడ్రంగం పని. శ్రీసుధ చదువుకునే రోజుల్లో వెయిట్‌లిఫ్టింగ్ ఆడింది. ఇవన్నీ యమునకు తర్వాత తెలిశాయి. అప్పుడు ఆ పిల్ల అడిగింది ఒక్కటే.

"రండి ఆంటీ, కూర్చోండి. ఏం కావాలి మీకు?"

సన్నబడాలి అని చెబుదామనుకుని వచ్చిన యమున నోట వేరే మాట వచ్చింది. "బస్సెక్కాలె" అంది.

శ్రీసుధ నవ్వలేదు. నవ్వుతుందేమోనని ఎదురుచూసిన యమునకు ఆ నవ్వకపోవడమే మొదట నచ్చింది.

"అయితే ఎక్కుదాం" అంది శ్రీసుధ.

ఇంట్లో చెబితే దేవేందర్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "జిమ్మా? గీ వయసుల? ఎవరన్న చూస్తె నవ్వుతరే."

అత్త రుక్మాబాయి అప్పటికే నవ్వుతోంది. "నా బతుకుల పైసలిచ్చి మోపు దించుకున్నోళ్లను చూసిన. పైసలిచ్చి బరువులు మోసెటోళ్లను ఇప్పుడే చూస్తున్న."

యమునకూ నవ్వు వచ్చింది. మాట నిజమే. అయినా మర్నాడు వెళ్లింది.

పంజాబీ డ్రెస్సు వేసుకోవడం అదే మొదటిసారి. వీధిలో ఆ డ్రెస్సుతో నడవడానికి సిగ్గేసి, దాని మీదే చీర చుట్టుకుని వెళ్లి, జిమ్ములో చీర విప్పి మడతపెట్టి సంచీలో పెట్టుకుంది. ఎటు చూసినా అద్దాలే. అంత పెద్ద అద్దంలో తనను తాను తల నుంచి కాళ్లదాకా చూసుకుని ఎన్నేళ్లయిందో. తల తిప్పుకుంది.

శ్రీసుధ ట్రెడ్‌మిల్ వైపు తీసుకెళ్లలేదు. ఒక బల్ల చూపించి, "దీనిమీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి" అంది.

యమున కూర్చుంది. లేవబోయింది. ముందుకు వంగింది, ఊగింది. లేవలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించి బల్ల మీద దబ్బున కూలబడింది. పక్కన ఎవరూ లేరు. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాతోటి గాదు బిడ్డా. పోత" అంది.

శ్రీసుధ వెళ్లి, మూలన ఉన్న మందపాటి రబ్బరు చాపలు తెచ్చి బల్ల మీద ఒకదానిమీద ఒకటి పేర్చింది. బల్ల బాగా ఎత్తయింది. "ఇప్పుడు కూర్చుని లేవండి."

యమున లేచింది. చేతులు ఆనించకుండానే లేచింది.

"చూశారా? మీరు లేవలేరని కాదు. ఎంత ఎత్తునుంచి లేవగలరో నాకు తెలియలేదు, అంతే. ఇక్కణ్నుంచి మొదలుపెడదాం. నెమ్మదిగా ఒక్కో చాప తీసేద్దాం."

మొదటి వారం గడిచేసరికి తొడలు రాయిలా బిగుసుకుపోయాయి. మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి పీతలాగా దిగాల్సి వచ్చింది. యమున మానేసింది. రెండోరోజూ వెళ్లలేదు. మూడోరోజు ఫోన్ మోగింది. తిడుతుందేమో అనుకుంది యమున.

"నొప్పి ఎక్కడుందో చెప్పండి" అంది శ్రీసుధ.

"తొడలల్ల. పిక్కలల్ల."

"మోకాలి కీలులో ఉందా?"

యమున కాలు చాపి, ముడిచి చూసుకుంది. "లేదు."

"అయితే భయం లేదండి. అది పనిచేసిన ఒంటికి వచ్చే నొప్పి. మీకు కొత్తేం కాదు కదా."

కొత్తేమీ కాదు. నాట్లు మొదలైన మొదటి వారం ప్రతి ఏడూ అట్లాగే ఉండేది. ఆ సంగతి ఎట్లా మరిచిపోయానా అనుకుంది యమున. మర్నాడు పదకొండింటికి మళ్లీ మెట్లెక్కింది.

చాపలు తగ్గుతూ వచ్చాయి. ఒకటి తీసిన రోజున శ్రీసుధ దాన్ని మూలకు విసిరి చప్పట్లు కొట్టేది. రెండు నెలలు గడిచేసరికి బల్ల మామూలు బల్ల అయింది. ఆంటీ కాస్తా అక్క అయింది. ఆపైన ఒకరోజు శ్రీసుధ ఇనుప రాడ్‌కు రెండువైపులా చిన్న ప్లేట్లు ఎక్కించి నేలమీద పెట్టింది. "ఎత్తండి యమునక్కా."

యమునకు ఉత్సాహం వచ్చింది. బరువెత్తడం తనకొకరు నేర్పాలా? కాళ్లు నిటారుగా పెట్టి, నడుము వంచి, రాడ్ పట్టుకుంది.

"ఆగండాగండి! ఎత్తొద్దు!"

శ్రీసుధ పరుగున వచ్చి ఆమె వెన్ను మీద అరచెయ్యి ఆనించింది. "బరువంతా ఇక్కడ పడుతోంది. నడుముతో కాదక్కా. మోకాళ్లు వంచండి, కాళ్లతో లేవండి. రాడ్ ఒంటికి దగ్గరగా ఉండాలి."

"ముప్పై ఏండ్లు గిట్లనే లేపిన గదా బిడ్డా. గడ్డి మోపులు, వడ్ల సంచులు, బిందెలు."

"ఎట్లా ఎత్తాలో ఎవరూ చెప్పలేదా?"

యమున ఆలోచించింది. జల్దీ ఎత్తమని చెప్పారు. ఇంకా ఎత్తమని చెప్పారు. రైతులు, మేస్త్రీలు, ఇంటివాళ్లు, ఆఖరికి తానూ తన వెనకవచ్చిన ఆడవాళ్లకు అదే చెప్పింది. ఎట్లా ఎత్తితే ఒంటికి దెబ్బ తగలదో చెప్పినవాళ్లు లేరు. ఆమె పనిచేస్తుంటే ఎన్నో కళ్లు ఆమెను చూశాయి, అన్నీ పని ఎంతయిందో చూసినవే. ఆమెకేమైనా అవుతుందేమోనని పక్కన నిలబడి, వెన్ను మీద చెయ్యిపెట్టి చూసిన మనిషి ఈ పిల్లే.

మోకాళ్లు వంచింది. కాళ్లతో లేచింది. రాడ్ తేలిగ్గా వచ్చింది. నడుము కిక్కురుమనలేదు.

ఆ సాయంత్రం దేవేందర్ షాపునుంచి వచ్చేసరికి యమున వంటింట్లో పాట పాడుకుంటోంది. ఆయన గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు. "పొలంల పాడినట్లె పాడుతున్నవ్" అన్నాడు. ఆ తర్వాత జిమ్ము గురించి ఇంకేమీ అనలేదు. మర్నాడు షాపునుంచి వస్తూ ఆమె కాళ్లకు సరిపోయే బూట్లు తెచ్చి మంచం పక్కన పెట్టాడు. యమున ఇక డ్రెస్సు మీద చీర చుట్టుకోవడం కూడా మానేసింది. బూట్లు వేసుకున్నాక చీరెందుకు?

అంతా బాగుంది అనుకుంటుండగా ఒకరోజు వెళ్లేసరికి శ్రీసుధ బల్ల మీద తల వంచుకుని కూర్చుని ఉంది. పదకొండు గంటల బ్యాచ్‌లో అసలే నలుగురు. అందులో ఒకామె పెళ్లయి వెళ్లిపోయింది, బ్యాంకులో పనిచేసే ఆవిడకు బదిలీ అయింది. మిగిలింది యమున, ఇంకొకామె. ఇద్దరికోసం కరెంటు, మనిషి దండగని జిమ్ము యజమాని ముత్యాలు బ్యాచ్ ఎత్తేస్తానన్నాడు. కావాలంటే సాయంత్రం మగవాళ్ల బ్యాచ్‌కు రమ్మన్నాడు.

"నాకు అభ్యంతరం లేదక్కా. మా నాన్న ఒప్పుకోడు. ఆడవాళ్ల బ్యాచ్ అనే పంపిస్తున్నాడు. మానేసి ఏదైనా స్కూల్లో ఉద్యోగం చూసుకోమంటున్నాడు."

"నీకేమున్నది మనసుల?"

"నాకు ఇదే ఇష్టం" అంది శ్రీసుధ.

యమున ఆ రోజు బరువులెత్తలేదు. నేరుగా ముత్యాలు కూర్చునే గది దగ్గరికి వెళ్లింది. "తమ్మీ, ఈ నెల ఆగు. మందిని నేను తెస్త."

"యాడికెళ్లి తెస్తవక్కా?"

"గా ఫికరు నాది."

చెప్పడం చెప్పింది కానీ, మెట్లు దిగుతుంటే భయమేసింది. మందిని కూడగట్టి ఆరేళ్లు దాటింది. ఎవరెక్కడున్నారో కూడా సరిగా తెలియదు. మొదట మైసమ్మ దగ్గరికి వెళ్లింది. నాట్లలో ఎప్పుడూ యమున పక్క వరుసలో నిలబడిన మనిషి మైసమ్మ. ఇప్పుడు మార్కెట్లో కూరగాయలు అమ్ముతోంది. యమున వెళ్లేసరికి పక్కనున్న తోపుడుబండి పట్టుకుని లేచి, బుట్ట సర్ది, మళ్లీ గోనెసంచి మీద కూర్చుని టమాటలు ఏరుతోంది. యమునను చూసి ముఖం వికసించింది. జిమ్ము మాట వినగానే ముడుచుకుంది.

"గదంత పైసలున్నోళ్ల షోకు యమునా. నాకెందుకు?"

"నువ్వు లేసేటప్పుడు ఆ బండి పట్టుకోని లేస్తున్నవ్. చూసిన."

"వయసు అయితలేదా మరి?"

యమున అటూ ఇటూ చూసింది. కొత్తిమీర కట్టలు పక్కకు జరిపి, మైసమ్మ ఎదురుగా నేలమీద చతికిలబడి కూర్చుంది. తర్వాత దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడింది. బేరమాడుతున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

"ఎండకాలంల నేను బస్సు ఎక్కలేకపోయిన. ఎవరో ఎనకకెళ్లి తోసిన్రు. సిగ్గుతోటి సచ్చిన. ఎవ్వరికి చెప్పలే, నీకు చెప్తున్న. ఇప్పుడు జూడు."

మైసమ్మ టమాట చేతిలో పట్టుకుని అట్లాగే చూసింది. "పొద్దున బేరమయినంక వస్త" అంది చివరికి.

నాట్ల గుంపులోని నీలమ్మ బడిలో మధ్యాహ్నం వంట చేస్తోంది, ఆ టైముకు రాలేనంది, కానీ తన తోడికోడలిని పంపింది. ఒకామె కొత్త అపార్ట్‌మెంట్లలో పని ముగించుకుని వస్తానంది. ఇంకొకామె మనవడిని బడిలో దించి వస్తానంది. ఒకరికొకరు చెప్పుకున్నారు. యమున ప్రతి ఇంటికీ వెళ్లింది. ఎక్కడికి వెళ్లినా చాయ్ ఇచ్చారు, మోకాళ్లు చూపించారు, నడుములు చూపించారు. ఒక్కొక్కరి గుమ్మంలో కూర్చుని వింటుంటే ఆమెకు ఒక సంగతి తోచింది: ఇన్నేళ్లూ పని లేక ఒళ్లు చెడిందనుకుంది. వీళ్లు లేక మనసు కూడా ఎండిపోయిందని ఇప్పుడే తెలిసింది.

సోమవారం పదకొండింటికి మెట్ల మీద గాజుల చప్పుడు, నవ్వులు వినిపించి ముత్యాలు గదిలోంచి బయటికి వచ్చాడు. ఒకరి వెనక ఒకరు ఆడవాళ్లు వస్తున్నారు. చీరలు, నైటీల మీద చున్నీలు, ఒకామె చేతిలో టిఫిన్ గిన్నె కూడా ఉంది.

"యమునక్కా, ఇంతమందిని యాడికెళ్లి తెచ్చినవ్?"

"నాట్లకు తెచ్చినోళ్లనే తెచ్చిన" అంది యమున.

శ్రీసుధ వాకిలి దాకా ఎదురొచ్చి అందరినీ లోపలికి తీసుకొచ్చింది. తర్వాత ఉన్న చాపలన్నీ ఈడ్చుకొచ్చింది. చాపలు చాలలేదు. ముత్యాలే వెళ్లి ఇంకొన్ని తెచ్చాడు. ఫీజు దగ్గర కూడా పట్టు సడలించాడు. ఆడవాళ్లు అద్దంలో తమను చూసుకుని ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకున్నారు. లేవలేనివాళ్లను చూసి ఎవరూ నవ్వలేదు, అందరూ లేవలేనివాళ్లే. స్పీకర్లో మోగే హిందీ పాట తమకు తెలియదని మైసమ్మ ఒక నాట్ల పాట ఎత్తుకుంది. మిగిలినవాళ్లు అందుకున్నారు. వంగేటప్పుడు పాట, లేచేటప్పుడు పాట. శ్రీసుధ లెక్క తప్పింది. స్పీకరు కట్టేసింది.

వర్షాకాలం పోయి చలికాలం వచ్చింది. డాక్టరు యమున రిపోర్టు చూసి, ఏం చేస్తున్నారమ్మా అని మొదటిసారి తలెత్తి అడిగాడు. షుగర్ గోలీ సగానికి తగ్గించాడు. యమున సన్నబడిందా అంటే పెద్దగా సన్నబడలేదు. మనిషి మాత్రం నిటారుగా నిలబడింది.

ఒక ఆదివారం శ్రీసుధను భోజనానికి పిలిచింది. వీరరాఘవులు స్కూటర్ మీద కూతుర్ని తీసుకొచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు. దేవేందర్ బయటికి వెళ్లి, "గట్ల నిలవడ్తె ఎట్ల? లోపలికి రా అన్నా" అని చెయ్యిపట్టి తీసుకొచ్చాడు. జొన్నరొట్టెలు, నాటుకోడి కూర. వీరరాఘవులు రెండు ముద్దలు తిని, చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు తటపటాయించాడు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలండి. మా పిల్ల ఈ పని మానేస్తే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను. మొన్న బడంగ్‌పేట్‌లో మా వీధి ఆవిడ అడిగింది, మీ అమ్మాయేనా ఇబ్రహీంపట్నంలో ఆడవాళ్లకు నేర్పేది, మా అమ్మను పంపిస్తాను అని. నాకు ఎంత గర్వమేసిందో. మీరు ఆ రోజు పూనుకోకపోతే దాన్ని నేనే ఇంట్లో కూర్చోబెట్టేవాణ్ని."

"నేనేం చేసిననన్నా?" అంది యమున. "నాకు చేసింది ఆమె."

శ్రీసుధ తల అడ్డంగా ఊపింది. "లేదక్కా. వెయిట్‌లిఫ్టింగ్ ఆగిపోయాక నాకు వచ్చిన విద్య ఎవరికీ అక్కర్లేదేమో అనుకున్నాను. మీరు మొదటిరోజు బస్సెక్కాలన్నారు చూడండి, ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. ఇవాళ నా దగ్గరికి నిజంగా పని ఉన్న మనిషి వచ్చింది అని."

గోడవారగా మంచం మీద కూర్చుని అన్నీ వింటున్న రుక్మాబాయి శ్రీసుధను దగ్గరికి రమ్మని సైగ చేసింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లింది శ్రీసుధ. ముసలామె ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టింది.

"నేను మస్తు నవ్విన బిడ్డా, పైసలిచ్చి బరువులు మోస్తున్నదని. మా కోడలు ఈ ఇంట్ల కూసొని కూసొని మూగదైపోయింది. మేమే కూసోమంటిమి, మేమే చూడకపోతిమి. నువ్వు చూసినవ్. సల్లగుండు."

యమున వంటింట్లోకి వెళ్లింది, రొట్టెలు తెచ్చే నెపంతో. పెనం దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తిరిగి వచ్చి శ్రీసుధ కంచంలో ఇంకో రొట్టె వేసింది, దానిమీద ఇంత కూర వేసింది.

"అక్కా, మిమ్మల్ని తగ్గించి తినమని చెప్పింది నేనే. నాకు ఇంత పెడుతున్నారా?"

"నువ్వు బరువులు లేపెదానివి, తిను" అంది యమున. "నీకు నేను ఇంకేం ఇయ్యగల్గుత? తిను బిడ్డా."

శ్రీసుధ తింది. బయట వీరరాఘవులు, దేవేందర్ తలుపు చెక్క ధరల గురించి మాటల్లో పడ్డారు. పొద్దు వాలేదాకా ఎవరూ కదలలేదు.